కాగితం బండలు

డ్రాయింగ్ టీచరుగా చేరిన మొదటి ఏడాదే నా నెత్తిన కొండ పడింది. బడి వార్షికోత్సవానికి పదిహేను రోజుల ముందు హెడ్మాస్టరుగారు పిలిచి, తిరుమల కొండ నమూనా చెయ్యాలన్నారు, ఘాట్ రోడ్డుతో సహా. ఎగిరి గంతేసినంత పని చేశాను. గోడకు బొమ్మలు గీయడం ఎక్కడ, కొండను నిలబెట్టడం ఎక్కడ!

అట్టముక్కలు, గోనెగుడ్డతో కొండ ఒక్కరోజులో లేచింది. చిక్కంతా బండల దగ్గరే. ఏటి ఇసుకలో ఏరిన గులకరాళ్ళు అంటిస్తే కొండమీద బఠానీలు ఒలకబోసినట్టుంది. నిజం రాయి కూడా చిన్నదైతే బండలా కనిపించదని అప్పుడే తెలిసింది. కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి అమ్మ రోట్లో రుబ్బాను. ఆ గుజ్జును ఉండలు చేసి, ఎండబెట్టి, నల్లరంగు పూసి నాయన ముందు పెట్టాను.

మా నాయన రాళ్ళు కొట్టే మనిషి. పూతలపట్టు పక్క బండల్లో ముప్పై ఏళ్ళు ఉలి పట్టినవాడు. ఆయన నోట రాయి అనిపించుకుంటే చాలు, హెడ్మాస్టరు మెప్పు ఎవరిక్కావాలి?

నాయన ఒకటి తీసి చూసి, "పేడముద్దల మాదిరి ఉండాయమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అయితే బండ ఎట్టుంటాదో నువ్వే చెప్పు!"

"బండను ఎవురూ ముద్ద చెయ్యలేదు. ఆ కొండ బండ పొరలు పొరలుగా ఉంటాది. యాడ పొర వదులుగా ఉంటే ఆడ పగులుతాది."

ఇక కూర్చోలేకపోయాను. ముద్దలు చెయ్యడం కాదు, పగలగొట్టాలి! గుజ్జును అప్పడంలా పరిచి, ఎండాక దానిమీద ఇంకో పొర, అది ఎండాక మరోటి. వారానికి ఇటుకంత దిమ్మలు తయారయ్యాయి. ఒకదాన్ని రెండు చేతులా పట్టి విరిచాను. అబ్బ! విరిగినచోట మెట్లు, అంచులు, చీలికలు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు కిటికీలోంచి కనిపించే బండగోడే అది! పిచ్చిపట్టినట్టు అన్నీ విరిచాను. పొరలన్నీ ఒకే వాటంగా వచ్చేలా కొండకు అంటించాను. కావిరంగు పూశాను. మసినీళ్ళు పోసి తుడిస్తే నలుపు సందుల్లోనే మిగిలింది. పొడికుంచెతో కాస్త సున్నం తాకిస్తే అంచులకు ఎండ తగిలినట్టయింది. మెంతుల కంపు వదలని రోలును కడుక్కుంటూ అమ్మ తిడుతూనే ఉంది. వినే తీరిక నాకెక్కడిది?

వార్షికోత్సవం ముందురోజు సాయంత్రం నాయన పని నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కొండ ముందు గొంతుక్కూర్చున్నాడు. అన్నిటికన్నా పెద్ద బండమీద బొటనవేలు పెట్టి, పగులు వెంబడే మెల్లగా జరుపుతూ ఒకచోట ఆపాడు.

"ఈడ వాటం బాగుండాది. ఉలి పెట్టి ఒక్కటి కొట్టినామంటే సుబ్బరంగా రెండు చెక్కలవుతాది" అంటూ, కుడిచేత్తో పక్కన నేలమీద సుత్తి కోసం తడుముతున్నాడు.

"నాయనా, అది కాగితం!" అని అరిచి ఆయన చెయ్యి పట్టుకున్నాను.