రోజూ తీసేసే మేస్త్రి

గాజువాకలో మా వెల్డింగు షెడ్డు మేస్త్రి గవర్రాజు రోజూ సాయంత్రం అందర్నీ పనిలోంచి తీసేస్తాడు. అది ఆయన అలవాటు. పని ముగిశాక కొందరు కిళ్ళీ వేసుకుంటారు, ఈయన మనుషుల్ని తీసేస్తాడు. గేటు వంకరగా వస్తే తీసేస్తాడు, తిన్నగా వస్తే ఆలస్యమైందని తీసేస్తాడు. ఒకసారి మధ్యాహ్నం కరెంటు పోతే రోడ్డు మీదకెళ్ళి, స్తంభానికి వేలు చూపించి, "రేపట్నుంచి రాకు!" అని అరిచాడు. మర్నాడు మేమందరం వచ్చాం, కరెంటు మాత్రం రాలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. పులుసులో ఉప్పెక్కువైందని భార్య కనకరత్నాన్ని, "రేపట్నుంచి వంట సెయ్యకు" అన్నాడట. ఆవిడ సరేనని పొయ్యి ఆర్పేసి పెందుర్తిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేదాకా మేస్త్రి మా టిఫిన్ డబ్బాల్లోంచి తలా ఓ ముద్ద తిని బతికాడు. తింటూనే మా కూరలకి వంకలు పెట్టి మమ్మల్ని తీసేశాడు.

నేను ఆ షెడ్డులో చేరింది నలభై ఒకటో ఏట. అంతకుముందు మధురవాడలో ఏసీ గదిలో కూర్చుని, ఎవరి ఆసుపత్రి బిల్లుకి బీమా వస్తుందో ఎవరికి రాదో చూసే ఉద్యోగం. ఆ పని కంప్యూటరుకి నేర్పమన్నారు. శ్రద్ధగా నేర్పాను, అది అంతకంటే శ్రద్ధగా నేర్చుకుంది. ఓ రోజు నన్ను పిలిచి, ఎంతో మర్యాదగా మాట్లాడి, చేతిలో పూలగుత్తి పెట్టి, మెడలో కార్డు తీసేసుకున్నారు. ఆ తర్వాత నాకు ఏ ఆఫీసులోనూ కుర్చీ దొరకలేదు. చివరికి సిగ్గు విడిచి కుర్రాళ్ళ పక్కన కూర్చుని వెల్డింగు నేర్చుకున్నాను.

నేర్చుకోవడం ఒక ఎత్తు, పని దొరకడం ఒక ఎత్తు. ఒక షాపులో నా ఇస్త్రీ చొక్కా చూసి గేటు చేయించుకోవడానికి వచ్చాననుకున్నారు. కుర్చీ వేశారు, టీ పురమాయించారు. "హెల్పరుగా చేరతానండీ" అన్నాను. టీ రాలేదు.

"ఎక్స్‌పీరియన్సుందా?"

"లేదండి."

"వయసెంత?"

చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ ఏటి సేసినారు సార్?"

పని ఇవ్వకపోయినా ఆ సార్ మాత్రం ఎవరూ మానలేదు. షాపు షాపుకీ తిరిగాను. హెల్పరంటే ఇరవై ఏళ్ళవాడు కావాలి, లేదా అనుభవం కావాలి. నా దగ్గర ఉన్నవల్లా ఏళ్ళే. నా భార్య అలేఖ్య బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి తెచ్చే జీతంతో మా పాపతో సహా ముగ్గురం తింటున్నాం. అన్నం ముందు కూర్చుంటే ఆమె మొహం చూడటానికి సిగ్గుగా ఉండేది.

అలా తిరిగి తిరిగి ఈ షెడ్డుకొచ్చాను. ఓనరు సన్యాసిరాజు నన్ను చూడగానే, "వద్దులెండి సార్" అన్నాడు. లోపల్నుంచి గవర్రాజు మేస్త్రి వచ్చి నా అరచేతులు తిప్పి చూశాడు.

"ఈ సేతుల్తో ఏటి సేత్తావ్? రెండ్రోజుల్లో పారిపోతావ్. ఉంచండి బాబూ, నవ్వుకోడానికైనా పనికొత్తాడు."

మొదటిరోజు పొద్దుపోయేదాకా ఇనుము మోశాను, గ్రిల్లుకి పట్టిన తుప్పు రుద్దాను. చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం మేస్త్రి ఆ గ్రిల్లు చూశాడు.

"ఆఫీసరూ, దీన్ని రుద్దినావా, నిమిరినావా? రేపట్నుంచి రాకు!"

నేను వెళ్ళలేదు. పొద్దున్నే గోడకానుకుని కూర్చున్నాను. అలేఖ్య ఒక్క మాటైనా అడక్కుండా డ్యూటీకి వెళ్ళిపోయింది, అడిగి తిట్టినా బాగుండేది. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఏటి ఆఫీసరూ, ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనండి. తీసేశారు కదా."

"తీసీసినానని మానీసినావా? బుద్దుందా నీకు? మన పాత వెల్డరు గంగరాజుని పదేళ్ళబట్టి తీసేత్తన్నాను, ఒక్కరోజైనా మానీసినాడా? ఎంటనే రా!"

రెండు బస్సులు మారి పరుగున వెళ్ళాను. ఆలస్యమైందని గుమ్మంలోనే మళ్ళీ తీసేశాడు.

వానాకాలం వచ్చింది. పోర్టు వైపు నుంచి రావాల్సిన నిచ్చెనల ఆర్డరు ఆగిపోయింది. పక్క షెడ్డు మూతపడింది, అందులోవాళ్ళు పొద్దున్నే వచ్చి మా గేటు దగ్గర నిలబడేవాళ్ళు. నేను వాళ్ళ వైపు చూడకుండా లోపలికి దూరేవాణ్ణి. ఓనరు ఒకణ్ణి తగ్గిస్తాడని మాట పుట్టింది. తగ్గిస్తే కొత్తవాణ్ణి తగ్గించాలి, లేదా పని రానివాణ్ణి, లేదా వయసు మళ్ళినవాణ్ణి. ఆ ముగ్గురూ నేనే. ఇక్కడ పోతే నాకింకో గుమ్మం లేదు.

ఓ రోజు భోజనాల వేళ సన్యాసిరాజు తన గదిలోంచి వచ్చి, నా ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. మధురవాడలో మేనేజరు కూడా సరిగ్గా ఇలాగే సవరించుకున్నాడు. ఓనరు నోరు తెరిచేలోపలే మేస్త్రి నా మీద విరుచుకుపడ్డాడు.

"ఒరే ఆఫీసరూ! ఈ ఇనప యాంగిలు పొట్టిగా కోసీసి నాశనం సేసినావు గదరా!"

నేను కొయ్యలేదు. కటింగ్ మెషీను దరిదాపులకి కూడా ఆయన నన్ను రానివ్వలేదు.

"రేపట్నుంచి కాదు, ఇప్పుడే పో! నీ పెళ్ళాం పిల్ల ఏటైపోతే నాకేటి? అడుక్కుతినండి!" అంటూ నా టిఫిన్ డబ్బా లాక్కుని రోడ్డు మీదకి విసిరేశాడు. పప్పన్నం వాన నీళ్ళలో పడింది. చొక్కా పట్టుకుని నన్ను గేటు దాకా ఈడ్చాడు.

సన్యాసిరాజు అడ్డం వచ్చాడు. "మావా! అన్నం పారీసినావేటి? పిల్లగలోడు, మనిసివేనా నువ్వు?"

"మీకు తెల్దు బాబూ. ఈడుంటే నానుండను."

"నీ గెడ్డం పట్టుకుంటాను మావా, ఈపాలికి ఒగ్గీ. నేర్సుకుంటాడు."

మేస్త్రి చాలాసేపు బెట్టు చేసి, "మీ మొకం సూసి ఒగ్గేత్తన్నాను" అన్నాడు. ఓనరు నా భుజం తట్టి, "బయపడకండి, నానున్నాను" అని గదిలోకి వెళ్ళిపోయాడు. తను దేనికి బయటికొచ్చాడో ఆ కంగారులో మరిచేపోయాడు.

మేస్త్రి నన్ను రేకుల వెనక్కి తీసుకెళ్ళి, తన క్యారేజీ విప్పి, సగం అన్నం, చేప ముక్క మూతలో పెట్టి నా ముందుకు తోశాడు.

"తిను. బాబు మంచోడే, గానీ పని తగ్గితే ఆయన కంటికి మనిసి కనపడడు. ఆయన తీసీత్తే పోతావు. నాను తీసీత్తే ఆయనే జాలిపడి ఉంచుతాడు. ఇక్కడున్నోళ్ళందరూ అలాగున్నోళ్ళే."

జీవితంలో నన్ను ఇంత అమర్యాదగా ఎవరూ కాపాడలేదు. "మేస్త్రీ..." అన్నాను.

"ఏటి మేస్త్రీ? నాను గొంతు సించుకుంటంటే గుంజలాగ నిలబడిపోనావేటి? కూసింత ఏడవొచ్చు గదా! అంతా నానొక్కణ్ణే సెయ్యాలేటి?"

ఆ సాయంత్రం బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి, ఎందుకైనా మంచిదని ఏడుపు మొహం సాధన చేశాను. కింది పెదవి వంచాను, ముక్కు ఎగబీల్చాను. ఎన్ఏడీ జంక్షన్ దాటేసరికి ఒక పెద్దావిడ పక్క సీట్లోని కూరగాయల సంచీ ఒళ్ళోకి తీసుకుని, "కూకో నాయినా, అన్నీ సర్దుకుంటాయి" అంది. నేను దిగే స్టాపు దాకా హాయిగా కూర్చునే వెళ్ళాను. పని కొంచెం కొంచెంగా వస్తోందనిపించింది.