సిగ్నే పియానో ఆపిన చోటు

సిగ్నే పేరు ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చేపలకు పొగపెట్టి అమ్ముకునే ఇంటి పిల్ల. సంగీతం రాసిన కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకునేది. అయినా మా హెర్నోసాండ్ ఊరి సినిమా హాల్లో తెర మీది మూగ బొమ్మలకు పియానో వాయించేది తనే. చర్చిలో వాయించే పెద్దాయన దగ్గర ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకున్న నేనేమో గుమ్మంలో కూర్చుని టికెట్లు చించేదాన్ని.

కొత్త సినిమా పెట్టె వచ్చిందంటే చాలు, సిగ్నే మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఒక్కతే కూర్చుని రెండుసార్లు చూసేది. పియానో ముట్టుకునేది కాదు.

"వాయించి చూసుకోవేమే? అంతా వచ్చేసిందా?" అని ఒకసారి ఎత్తిపొడిచాను.

"ముందు వాళ్లేం చెబుతున్నారో విననీ అక్కా."

మూగ బొమ్మలో వినడానికేముంది? పొగరు కాకపోతే.

1920 చలికాలంలో ఒక సినిమా వచ్చింది, మా స్వీడన్ వాళ్లు తీసిందే. గడ్డకట్టిన సముద్రం పగిలి మునిగిపోయిన కొడుకును జాలర్లు మోసుకొస్తుంటారు. తల్లి ఒడ్డున నిలబడి ఉంటుంది. తీసినవాడు ఆమె ముఖం చూపించడు, వీపే చూపిస్తాడు. నల్ల శాలువా, దాని మీద రాలుతున్న మంచు. ఆమె గుండెలు బాదుకోదు. ఒక భుజం మాత్రం కొంచెం జారుతుంది.

సరిగ్గా అక్కడ సిగ్నే వాయించడం ఆపేసింది.

మా హాల్లో పియానో ఆగకూడదు. ఆగితే రీలు తెగిందనుకుని జనం గోల చేస్తారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్చిపోయింది, దొరికిపోయింది! కేకల కోసం చెవులు రిక్కించాను. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో పడవల ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. అందుకు దాని మీద కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు యజమాని సుందేలియస్ గారు పిలిచారు.

"నిన్న మధ్యలో పియానో ఆగిందటగా, మా ఆవిడ చెప్పింది. నువ్వు సంగీతం చదువుకున్నదానివి టెక్లా, నిజం చెప్పు. కావాలని ఆపిందా, మర్చిపోయిందా?"

"మర్చిపోయిందండీ," అన్నాను. గొంతు కూడా తడబడలేదు.

శనివారానికల్లా ఆ పియానో పీట నాదైంది. సిగ్నే చేతి తొడుగులు తీసుకోవడానికి వచ్చింది. ఎవరు చెప్పారని అడగలేదు.

"ఆ తల్లి దగ్గర తొందరపడకు అక్కా. భుజం జారేదాకా వాయించు, ఆ తర్వాత ఆమెకే వదిలెయ్," అంది.

నాకు నేర్పడానికి ఇదెవరు? ఆ సాయంత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క తప్పు లేకుండా వాయించాను. తల్లి దగ్గర ఏడుపు పాట ఎత్తుకున్నాను. జనం దగ్గారు, మిఠాయి కాగితాలు విప్పుకున్నారు. ఎవరూ ఏడవలేదు.

ఆదివారం పంతం పక్కనపెట్టి, అది ఆపిన చోటే నేనూ ఆపాను. ఆపి, ఏడుస్తున్నారో లేదో చూద్దామని జనం వైపు తిరిగాను.

"ఏంటమ్మా, రీలు తెగిందా?" వెనక నుంచి ఎవరో అరిచారు.

నవ్వులు. హాలంతా నన్నే చూస్తోంది. టికెట్ కొనుక్కుని మూడో వరసలో కూర్చున్న సిగ్నే ఒక్కతే ఆ తల్లి వీపును చూస్తోంది.