దేవదూతకు పసుపు చీర

మా మిషన్ బడిలో మొదటిసారి క్రిస్మస్ నాటకం వేసిన ఏడు నాకింకా పాతికేళ్ళు నిండలేదు. భర్త జ్వరంతో పోయాక, బడి నడిపే దొరసానిగారు నన్ను అందులో పంతులమ్మగా పెట్టుకుని, ఆవరణలోనే ఒక గది ఇచ్చారు. క్రైస్తవులమైనా మా ఇళ్ళలో పాత ఆచారాలు పోలేదు. నేను తెల్లచీరే కట్టేదాన్ని. ప్రయాణమై బయల్దేరినవాళ్ళు నన్ను చూసి వెనక్కి తిరగకుండా, వీధిలో నేనే ముందుగా పక్కకి తప్పుకునేదాన్ని.

నాటకానికి తెరలూ బట్టలూ అన్నీ దొరసానిగారి ఆలోచనే. బడి వరండాలో వెనక తెరకి దుప్పట్లను నీలిమందులో ముంచి కట్టించారు. అది రాత్రి ఆకాశం. దాని ముందు తాటాకులతో పశువుల పాక. మరియమ్మకి నీలం, జ్ఞానులకి ఎరుపు, దేవదూతకి తెలుపు అని ఆమే ఏర్పాటు చేశారు.

"తెలుపు పరలోకపు రంగు," అని నా కొంగు పట్టుకుని చూపించారు. "ఇదిగో, ఇటువంటిదే కావలెను."

ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చీరను చూసి ఎవరైనా సంతోషంగా ఒక మాట అనడం అదే మొదలు.

దేవదూత వేషం మొగల్తూరు దాటి సముద్రం వైపున్న పల్లె పిల్లకి వచ్చింది. వాళ్ళు చేపలు పట్టుకునేవాళ్ళు, హిందువులు. చదువు కోసం పిల్లని మా బడికి పంపేవారు. పెళ్ళీడు పిల్ల, ఖంగుమనే గొంతు. తల్లి తట్ట నెత్తినపెట్టుకుని ఊళ్ళో చేపలు అమ్మేది.

నాటకం దగ్గరపడిన వారంలో పెనుగాలి లేచింది. వేటకి వెళ్ళిన పడవలు తిరిగి రాలేదు. ఆ పిల్ల తండ్రీ వాటిలోనే ఉన్నాడు. పిల్ల మాత్రం రోజూ బడికి వచ్చేది. ఇంట్లో ఏడుపులు వినలేకపోతున్నానని నాతో అంది.

నాటకానికి ముందురోజు మధ్యాహ్నం, పిల్లలకి వేషాలు కట్టి చూస్తున్నాం. తల్లి ఖాళీ తట్టతో గేటు దగ్గరికి వచ్చింది. నీలం తెర ముందు తెల్లచీరలో నిలబడ్డ కూతుర్ని చూసి తట్ట వదిలేసింది.

"ఓలమ్మో! ఇప్పేయండమ్మా! ముందు అది ఇప్పేయండి!" అంటూ వచ్చి, కూతురి భుజం మీంచి కొంగు లాగింది. పిల్ల బెదిరిపోయింది.

దొరసానిగారు లేచారు. "ఏమి ఇది? అది దేవదూత వస్త్రము."

"దూతో ఏంటో నాకు తెల్దండి. ఆళ్ళ నాన్న నీళ్ళమీదున్నాడండి. ఇంకా ఒడ్డుకి రాలేదండి. కూతురికి తెల్లచీర కడతారా? ఇంట్లో మడిసి పోయాడని ఊరికి చాటింపు కాదాండి?"

"వస్త్రము ఎవరి ప్రాణమూ తీయదు. ఇది మూఢనమ్మకము. తెలుపే కట్టవలెను," అని దొరసానిగారు లోపలికి వెళ్ళిపోయారు.

ఆమె అన్నది తప్పని నేను అనుకోలేదు. నిజం చెప్పాలంటే, ఆ తల్లి మీద నాకు కోపం వచ్చింది. ఆ చీరను చూసి ఆమె కెవ్వుమంటే, నన్ను చూసి అన్నట్టే ఉంది.

"అమ్మా, నేను రోజూ కట్టుకుంటున్నాను గదా. నన్ను చూసి ఎవరైనా చచ్చిపోయారా?" అన్నాను కటువుగా.

ఆమె నా చీర కేసి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీకు తెల్సు గదండీ పంతులమ్మగారూ. ఆ రోజు మీకీ చీర కట్టిన చేతులు ఎవరియండీ?"

మా పెద్దత్తవి. ముడతలు పడ్డ చేతులు, వణుకుతూనే గట్టిగా బిగించాయి. నా రంగుచీరలు మూటకట్టి పట్టుకుపోయింది కూడా ఆమే. పిల్ల ఒంటిమీది చీర విప్పి మడతపెట్టి, "పసుపు కొమ్ములు తేగలవా?" అని తల్లిని అడిగాను.

బడిలో పసుపూ బొట్టూ కూడదని దొరసానిగారి నియమం. అది అన్యుల ఆచారమనేవారు. ఆ తల్లీ నేనూ వంటపాక వెనక కొమ్ములు దంచి, నీళ్ళు కాచి, చీర ముంచాం. గేటు చప్పుడైనప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడ్డాం. భర్త పోయినప్పటినుంచీ నేను పసుపు ముట్టలేదు. మోచేతులదాకా పచ్చగా అయిపోయాయి.

మర్నాడు పొద్దున్నే దొరసానిగారు దండెం మీద చీరను చూశారు.

"ఎవరు చేసిరి?"

"నేనేనండి."

"పసుపు వద్దని నేను చెప్పలేదా?"

"చెప్పారండి. కానీ ఆ పిల్లకి నా చేత్తో తెల్లచీర చుట్టలేనండి."

ఆమె మొహం ఎర్రబడింది. నా చేతులు చూశారు. "నాటకము అయిన పిమ్మట నా గదికి రండి," అన్నారు. ఉద్యోగం పోయింది, గదీ పోయిందనుకున్నాను. పుట్టింటికి పోవడానికి అక్కడ నాకెవరూ లేరు.

సాయంత్రం ఎండ ఉండగానే నాటకం మొదలైంది. నీలం తెర ముందుకి పసుపు చీరలో ఆ పిల్ల రాగానే జనం "అబ్బ" అన్నారు. "భయపడకుడి" అని గొర్రెల కాపరులతో అనాలి. పిల్ల ఆగిపోయింది. ఒకసారి, రెండుసార్లు నోరు తెరిచింది. నేను పక్కనుంచి అందిస్తున్నా ఆమె చూపు నామీద లేదు, గేటు మీద ఉంది. గడ్డం మాసి, కాళ్ళకి బురదతో తండ్రి అక్కడ నిలబడి ఉన్నాడు. తల్లి ఏడుపు ఎత్తుకుంది. పిల్ల మాట మర్చిపోయి వరండా దిగి పరుగెత్తింది. గొర్రెల కాపరులకి యేసు పుట్టిన వార్త చెప్పే దూత లేకుండానే నాటకం సాగింది.

గాలి వాళ్ళ పడవని అంతర్వేది వైపు కొట్టేసిందట. మొన్నే ఒడ్డుకి చేరాం, కాలవలు దాటి నడిచి వచ్చేసరికి ఇంతసేపైంది అని అతను చెప్పాడు. అంటే పిల్ల తెల్లచీరలో నిలబడే నాటికే అతను నేలమీద ఉన్నాడు. ఆ సంగతి నాకు తట్టింది గానీ ఎవరితోనూ అనలేదు. అప్పుడు ఆ తల్లి, పసుపు చీరే తన మొగుణ్ణి ఒడ్డుకి చేర్చిందని దొరసానిగారి కాళ్ళ మీద పడి ఉంది.

తర్వాత గదికి వెళ్ళాను. దొరసానిగారు కూర్చోమన్నారు.

"మీ చీరను గూర్చి నేను చెప్పినది మనఃపూర్వకముగా చెప్పితిని," అన్నారు.

"నాకు తెలుసండి. అందుకే ఆ చీర ముంచడం నాకు కష్టమైందండి."

ఆమె తల ఊపారు. నా గది నాకే ఉంది. పైఏడు నాటకానికి ఆమే బజారు నుంచి పసుపుపచ్చ బట్ట తెప్పించారు. పసుపు కొమ్మును మాత్రం ఆవరణలోకి రానివ్వలేదు.