కడగని ఆకు

మా నాన్న అరికాల్లో పత్తిమోడు దిగిన ఏడాదే నేను గుంటూరులో ఎమ్మెస్సీ ఆఖరి ఏడు చదువుతున్నాను. యాంటీబయాటిక్ బిళ్లలు చేసే పని ఆకుపసరు చేస్తుందేమో చూడటం నా ప్రాజెక్టు. ఏ ఆకు తీసుకోవాలో నాన్ననే అడిగాను. మా పత్తిచేను గట్టు మీద పెరిగే గడ్డిచేమంతి చెప్పాడు. మా ఊళ్లో కొడవలి తెగినా, ముల్లు దిగినా అదే నలిపి పెడతారు. కడగరు. కడిగితే పసరు పోతుందని నమ్మకం. నేనూ కడగలేదు. మైక్రోబయాలజీ చదివేదాన్ని, ఆ మాత్రం బుద్ధి ఉండక్కర్లేదా?

ఆకు నీడన ఎండబెట్టి, పొడికొట్టి, నీళ్లలో నానబెట్టాను. ఆ కషాయంలో ముంచిన కాగితపు బిళ్లను చీము క్రిములు పెంచిన గాజుపళ్లెంలో పెడితే, మర్నాటికి దాని చుట్టూ బొట్టుబిళ్లంత మేర ఒక్క క్రిమి లేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. మా సారు మెచ్చుకున్నారు. ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్లి నాన్నకు చెప్పాను.

నేను చేసిన పాపం అదే. ఆయనకు షుగర్. మోడు దిగిన పుండుకు డాక్టరు గారు రెండు వారాలు వాడమన్న యాంటీబయాటిక్ బిళ్లలు నాలుగు రోజులకే అటకెక్కించి, మా అమ్మాయి పరీక్ష చేసి మరీ తేల్చిందని ఊరంతా చెప్పుకుంటూ ఆకు కట్టుకున్నాడు. నేను వద్దనలేదు. పైగా గర్వపడ్డాను.

మళ్లీ ఆకు కోసం వెళ్లినప్పుడు నాన్న కుంటుతూనే పత్తికి మందు కలుపుతున్నాడు. నల్లమచ్చ తెగులుకట. డ్రమ్ములో పోసి పారేసిన పొట్లం తీసి చదివాను. స్ట్రెప్టోమైసిన్. మనుషులకు సూదిలో ఎక్కించే మందే. ఏటా కొడతామనీ, ఈ ఏడు ఇది రెండోసారనీ, గాలికి సగం గట్టు మీదే పడుతుందనీ మామూలుగా చెప్పాడు.

మందు పడని చోట, నల్లపాడు రైల్వే స్టేషను పక్కన, అదే ఆకు కోసుకొచ్చి చేసి చూశాను. బిళ్ల అంచుదాకా క్రిములు పెరిగాయి. మా గట్టు మీది ఆకును బాగా కడిగి చేసినా అంతే. ఆకుకు అంటిన ఆ పిసరంత మందు నా పళ్లేనికి సరిపోయింది గానీ నాన్న పుండుకు సరిపోలేదు. నేను పరుగున ఇంటికి వెళ్లేసరికి పాదం నల్లబడింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

మా సారుతో చెబితే విసుక్కున్నారు. ఆకు ఎక్కడిదని ఎవరూ అడగరు, ముందు వచ్చిన ఫలితాలే రాసెయ్యమన్నారు. రాశాను. ఫస్టు క్లాసు వచ్చింది. ఆ సర్టిఫికెట్ చూస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

కట్టు మార్పించడానికి తీసుకెళ్లిన రోజున నాన్నకు మాత్రం ఆకు సంగతి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. కాలి వైపు చూసుకుని అడిగాడు.

"పోనీలేమ్మా. ఇదంతా నీ పుస్తకంలో రాశావా? ఇంకొకళ్లు కట్టుకోకుండా ఉంటారు."

"రాశాను నాన్నా" అన్నాను.

ఆయన నమ్మాడు.