రిలే పెట్టెలో నిమ్మకాయ

సూబ్రాయన్‌కు ప్రజాస్వామ్యం మీద గొప్ప గౌరవం ఉండేది. అది వస్తే వరుస ఒక్క అడుగు ముందుకు జరుగుతుందని ఆయన నమ్మకం. దక్షిణాఫ్రికాలో ఉంజింటో దాపున ఉన్న చక్కెర మిల్లులో ఆ వరుస ఆయన పుట్టకముందు నుంచీ ఉంది. ముందు తెల్లవాళ్లు, వాళ్ల వెనక మనవాళ్లు, మన వెనక అక్కడి నల్లజాతి జూలూలు. ఇక తెల్లవాళ్లు పక్కకు తప్పుకుంటారు, మనం ముందుకు వెళతాం, మిగతాదంతా ఎక్కడిదక్కడే ఉంటుంది. దీన్ని ఆయన స్వాతంత్ర్యం అనేవాడు. ఓటు వేసి వచ్చిన మర్నాడే ఎలక్ట్రికల్ ఫోర్మన్ గది అద్దంలోంచి తొంగిచూసి, కుర్చీ ఎటు తిప్పుకుంటే బాగుంటుందో ఆలోచించాడు.

ఆయన తాత విశాఖ వైపు నుంచి చెరకు నరకడానికి ఓడెక్కి వచ్చినవాడు. తండ్రి అదే మిల్లులో బాయిలరుకు బొగ్గు వేశాడు. సూబ్రాయన్ ఎలక్ట్రీషియన్ అయ్యాడు. జుట్టు నెరిసేదాకా పని ఆయన చేస్తే సంతకం తెల్ల ఫోర్మన్ పెట్టేవాడు. అది అన్యాయమే, ఎవరూ కాదనరు. అయితే తన కింద పనిచేసే సిబియాకు జరిగేదీ అదే కదా అంటే మాత్రం ‘అది వేరు’ అనేసి మాట మార్చేవాడు.

సిబియా జూలూ మనిషి. మీసాలు రాని వయసులో సూబ్రాయన్ పనిముట్ల సంచీ భుజానికెత్తుకున్నాడు. తర్వాత పరీక్ష రాసి తానూ ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఆ వార్త చెప్పిన రోజున సూబ్రాయన్ భేష్ అని వీపు తట్టి, సంచీ మళ్లీ అతని చేతికే ఇచ్చాడు. పైగా తనంత పెద్దమనసు ఎవరికీ లేదని ఆయన అభిప్రాయం. ఇంట్లో పూజ జరిగితే సిబియాను పిలవకుండా ఉండేవాడు కాదు. పెరట్లో కుళాయి దగ్గర, మేకుకు, నీలం అంచున్న సత్తు పళ్లెం ఒకటి వేలాడుతూ ఉండేది. అది సిబియాది. అందులో తిని, కుళాయి కింద కడిగి, మళ్లీ మేకుకు తగిలించి వెళ్లాలి. ‘వాడికంటూ విడిగా పళ్లెం పెట్టాను చూడు’ అని వచ్చినవాళ్లకు చూపించేవాడు కూడా. ముందు గదిలో మెత్త వేసిన కుర్చీ, పింగాణీ పళ్లెం మాత్రం తెల్ల ఫోర్మన్‌కి. ఏటా పూజకు ఫోర్మన్‌ని పిలవడం ఆ ఇంటి ఆనవాయితీ.

ఎన్నికలైన రెండేళ్లకు ఆ ఫోర్మన్ రిటైరయ్యాడు. సరిగ్గా ఆ ఏడే మిల్లులోకి కంప్యూటరు వచ్చింది. గోడ నిండా ఉన్న పాత రిలేలు, అంటే వాటంతటవే పడే స్విచ్చులు, పీకేసి, వాటి స్థానంలో తలుపున్న ఇనప పెట్టె ఒకటి పెట్టి, అందులో అరచేతి వెడల్పు ప్లాస్టిక్ డబ్బాలు బిగించారు. రిలే అవుట్‌పుట్ మాడ్యూల్ అంటారు వాటిని. ముందువైపు వరుసగా చిన్న దీపాలు, వాటి కింద వైర్లు బిగించే స్క్రూలు. కంప్యూటరు ఆజ్ఞ ఇస్తే లోపలి చిట్టి రిలే టిక్కుమంటుంది, బయట మోటారు తిరుగుతుంది.

సూబ్రాయన్ దాన్ని తనకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాడు.

“కంప్యూటరు తెల్లవాడు, ఈ రిలే నేను. వాడు చెబుతాడు, నేను జరిపిస్తాను” అన్నాడు సిబియాతో.

“మరి మోటారు?”

“మోటారు నువ్వు.”

సిబియా స్క్రూలు బిగించుకుంటూ పోయాడు.

చెరకు ఆడే సీజన్ మొదలయ్యే రోజున కొత్త ఫోర్మన్ పేరు చెబుతానన్నాడు తెల్ల మేనేజరు. పోటీలో ఉన్నది సూబ్రాయన్, సిబియా ఇద్దరే. సూబ్రాయన్‌కు దిష్టి భయం పట్టుకుంది. పచ్చిమిరపకాయలతో గుచ్చిన నిమ్మకాయలు రెండు సిద్ధం చేయమన్నాడు భార్య వల్లీని. ఒకటి కారు ముందు బంపరుకు కట్టాడు. రెండోది రిలే పెట్టెలో కడతానన్నాడు.

“పెట్టెలో కట్టడం ఎక్కడైనా ఉందేటి? గుమ్మంకి కట్టాల” అంది వల్లీ.

“గుమ్మంకి కడితే తెల్లోడు చూస్తాడు. లోపల కడితే దేవుడొక్కడే చూస్తాడు.”

“కరెంటు కూడా చూస్తాది.”

ఆడవాళ్లకు కరెంటు గురించి ఏం తెలుసని ఆయన నవ్వేశాడు. నిమ్మకాయకు బొట్టు పెట్టి, చివర ఒక సిరింగా రెమ్మ చుట్టాడు. మనవాళ్లకు అక్కడ వేపాకు బదులు అదే. పట్టుకెళ్లి, ఎవరూ చూడకుండా, మాడ్యూల్‌కి సరిగ్గా నెత్తిమీద కట్టి తలుపు మూశాడు.

మిల్లులో వేడి సంగతి తెలిసిందే. బయటే కాయ కమిలిపోతుంది, మూసిన ఇనప పెట్టెలో చెప్పాలా? నిమ్మకాయ ఉడికి, పగిలి, రసం చుక్కచుక్కగా కింది స్క్రూల మీద పడింది. రెండు స్క్రూల మధ్య ప్లాస్టిక్ మాడి నల్లటి గీత పడింది. రిలే టిక్కుమనకపోయినా ఆ గీత మీదుగా కరెంటు నడిచింది. అది మిల్లు సైరన్ కూతకు వెళ్లే వైరు.

సీజన్ ప్రారంభమయ్యే రోజున అందరూ యార్డులో చేరారు. సూబ్రాయన్ పెళ్లినాటి కోటు తొడుక్కొచ్చాడు. మేనేజరు గొంతు సవరించుకుని, “మన కొత్త ఫోర్మన్...” అన్నాడో లేదో కూత మొదలైంది. ఇక ఆగదు. కంప్యూటరు ఆపమంటోంది, మాడ్యూల్ మీద దీపం కూడా ఆరిపోయే ఉంది, కూత మాత్రం ఊరంతా వినిపిస్తోంది. చివరికి సిబియా పరిగెత్తి మెయిన్ స్విచ్ దించాడు.

అప్పుడైనా సూబ్రాయన్ నోరు మూసుకుంటే బాగుండేది. పెట్టె తలుపు తెరవబోతున్నారని చూసేసరికి ఆయన గుండెల్లో రాయి పడింది. దాన్ని దించుకోవడానికి దగ్గర్లో ఎవరున్నారా అని చూశాడు. ఎప్పుడూ ఉండేవాడే ఉన్నాడు.

తలుపు తీశారు. నల్లగా కుళ్లిన కాయ, ముడుచుకుపోయిన మిరపకాయలు, ఎండిన ఆకులు.

“ముతి” అన్నాడు సూబ్రాయన్, మేనేజరు వైపు తిరిగి. “వీళ్ల మంత్రగాళ్లు కట్టిచ్చే మందు. నాకు ఈ కుర్చీ దక్కకూడదని సిబియా పెట్టించాడు. వీళ్లను ముందుకు తెస్తే ఇదే జరుగుతుంది సార్.”

మేనేజరుకు ముతి తెలియదు, దిష్టికాయా తెలియదు. నిజమేనా అన్నట్టు సిబియాను చూశాడు. అన్నేళ్లు ఒకే సంచీలోంచి పనిముట్లు తీసుకున్న మనిషి అంత మాట అన్నాక, అతను కారు పార్కింగు వైపు చెయ్యి చూపించాడు.

“దీని తమ్ముడు ఆ కారు బంపరుకు వేలాడుతున్నాడు సార్.”

అందరూ అటు తిరిగారు. అదే నిమ్మకాయ, అవే మిరపకాయలు, అదే సిరింగా రెమ్మ. కారు ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది. యార్డు యార్డంతా నవ్వింది.

సిబియా నవ్వలేదు. “రిలే మాడిపోయింది, మోటారు బాగానే ఉంది” అని సూబ్రాయన్‌తో మాత్రమే అని, పాడైన మాడ్యూల్ విప్పడం మొదలుపెట్టాడు.

మేనేజరు సూబ్రాయన్‌ను పక్కకు పిలిచాడు. “ఇందాక నేను చెప్పబోయింది నీ పేరే. నిమ్మకాయ కట్టావని మార్చుకోవడం లేదు. నా తల్లి కూడా గుమ్మానికి గుర్రపు లాడం కొట్టింది. ఆ తర్వాత నువ్వన్న మాటకు మార్చుకుంటున్నాను” అన్నాడు. సూబ్రాయన్ ముఖం చూసి ఎవరికైనా జాలి వేసేదే, ఆ మాట ఆయన నోటినుంచి రాకపోయి ఉంటే.

అలా సిబియా ఫోర్మన్ అయ్యాడు. ఆ ఏడు పూజ దగ్గరపడింది. ఈసారికి ఎవర్నీ పిలవొద్దని సూబ్రాయన్ గొణిగాడు. వల్లీ ఒప్పుకోలేదు.

“ఫోర్మన్ని పిలవాల. నువ్వు పెట్టినదే కదా ఆ రూలు.”

సిబియా ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మెత్త కుర్చీలో కూర్చోబెట్టారు, పింగాణీ పళ్లెంలో పులిహోర, గుమ్మడికాయ కూర, పాయసం వడ్డించారు. సూబ్రాయన్ స్వయంగా నీళ్లందించాడు. సిబియా అన్నీ మెచ్చుకుంటూ తిన్నాడు, మారు కూడా వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాక పెరట్లోకి వెళ్లి, మేకు మీంచి సత్తు పళ్లెం తీశాడు. దాని నిండా దుమ్ము.

“ఇది నాదే కదా, తీసుకెళ్తాను” అన్నాడు.

“ఉండు, కడిగిస్తాను” అని వల్లీ చెయ్యి చాపింది.

“వద్దమ్మా. దీన్నెప్పుడూ నేనే కడుక్కున్నాను.”

కుళాయి కింద కడిగి, చొక్కా అంచుతో తుడిచి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. సూబ్రాయన్ పెరటి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అంతకుముందు ఏనాడూ అతను పళ్లెం కడుగుతుంటే ఆయన చూడలేదు.

ఇప్పుడా పళ్లెం ఫోర్మన్ గదిలో బల్ల మీద ఉంది. మధ్యలో మాడిన మాడ్యూల్, దాని చుట్టూ స్క్రూలు. రోజూ పొద్దున్నే సూబ్రాయన్ తలుపు తట్టి, లోపలికి వెళ్లి, ఆ రోజు పనికి కావలసిన స్క్రూలు ఆ పళ్లెంలోంచే ఏరుకుంటాడు.