బొగ్గు యార్డు వంకర దారి

పెద్ద తుఫాను విశాఖని ఊడ్చి వెళ్ళిన మరుసటి ఏడాది, ఆషాఢ మాసంలో, నాకు కూర్మన్నపాలెం వైపు ఒక పని అప్పగించారు. అప్పటికి నేను ఒక ప్రభుత్వ నిర్మాణ సంస్థలో సీనియర్ లాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుని. హోదా పేరు పొడుగే గానీ, నా బల్ల మాత్రం స్టోర్ గది పక్కన ఉండేది. ఇంజనీర్లు రోడ్లూ భవనాలూ గీసేశాక మిగిలిన జాగాలో పచ్చరంగు నింపడమే నా ఉద్యోగమని ఆఫీసులో చాలామంది ఉద్దేశం. వెనకాల నన్ను ‘పూలకుండీల మేడమ్’ అనేవారని నాకు తెలుసు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకునేదాన్ని. గీత గీసే చోట మాత్రం ఊరుకునేదాన్ని కాదు, అది వాళ్ళకి ఆలస్యంగా తెలిసింది.

పని ఇదీ. ఒక ప్రైవేటు సంస్థకి అక్కడ బొగ్గు యార్డు ఉంది. ఓడల్లో దిగిన బొగ్గు లారీల్లో వచ్చి అక్కడ గుట్టలు పడుతుంది. యార్డుకి ఈశాన్యాన కార్మికుల కాలనీ. నైరుతి గాలి లేచిందంటే చాలు, ఆ పొడి తిన్నగా కాలనీ ఇళ్ళలోకే. మధ్యలో అడ్డంగా ఉన్న చెట్లని తుఫాను కూల్చేసింది. మళ్ళీ చెట్ల పట్టీ వెయ్యాలి, దానికి డిజైన్ నేను చెయ్యాలి.

డిజైన్ చేసే ముందు జాగా చూడ్డం ఆనవాయితీ. నేను మొదటిరోజే వెళ్ళి, కాలనీ మొదట్లో ఇడ్లీ దుకాణం నడిపే అప్పలనర్సమ్మ దగ్గర కూర్చున్నాను. ఊళ్ళో గాలి ఎటు వీస్తుందో తెలుసుకోవాలంటే వాతావరణ శాఖ పటం కన్నా ఆరుబయట వంట చేసే మనిషి మేలు అని నా నమ్మకం. ఆవిడ ఇడ్లీ పాత్ర మీద కప్పిన తడిగుడ్డ తీసి నా మొహం ముందు పట్టింది.

“సూడమ్మా, పొద్దున్న ఉతికి కప్పినాను. ఇప్పుడిది గుడ్డేనా, మసిపేలికా? నా మనవరాలు రేత్రంతా దగ్గుతాది. మీరు సెట్లేత్తారో పూలేత్తారో నాకేటి తెలుసు? ఈ మసి ఆగాల. అంతే.”

ఇరవయ్యేళ్ళు పైబడిన నా ఉద్యోగంలో ఇంత స్పష్టంగా పని చెప్పిన కాగితం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు.

చెట్ల పట్టీ అంటే గోడ కాదు. దట్టంగా గోడలాగా పెంచితే గాలి దుమ్ముతో సహా పైనుంచి దాటి అవతల పడుతుంది. అది జల్లెడలాగా ఉండాలి. యార్డు వైపు వావిలి పొదలు, వెనక కానుగ, నేరేడు, ఆ వెనక పొడుగ్గా సర్వి. గాలి వాటిలోంచి నెమ్మదిగా దూరుకుంటూ మోసుకొచ్చిన పొడిని ఆకుల మీద వదిలేస్తుంది. ఆకులు నల్లబడితేనే పట్టీ పనిచేస్తున్నట్టు. ఫొటోకి బాగుండదు, నిజమే.

అయితే యార్డు లారీలు హైవే ఎక్కడానికి ఆ పట్టీలోంచే దారి వదలాలి. చిక్కంతా అక్కడే. గాలి వాలులో తిన్నగా సందు వదిలితే గాలంతా ఆ సందులో దూరి మామూలుకన్నా జోరుగా కొడుతుంది. రెండు మేడల మధ్య సందులో నిలబడి చీర కొంగు పట్టుకున్న ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. అందుకని దారిని పట్టీ మధ్యలో ఒక వంపు తిప్పాను. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడకూడదు. ఆ వంపు తీసేస్తే మిగతా చెట్లన్నీ దండగే.

మొక్కలు నాటడం మొదలయ్యాక మా చీఫ్ ఇంజనీరుగారి నుంచి పిలుపు వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి, కోపంలో కూడా ‘అమ్మా’ అనే పెద్దమనిషి. వంపు దగ్గర లారీలు వేగం తగ్గించాల్సి వస్తుందని యార్డు వాళ్ళు అంటున్నారుట. పైగా ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. దారి తిన్నగా ఉంటే చివర కట్టే స్వాగత ఆర్చీ దూరం నుంచే కనపడుతుంది, రెండు పక్కలా రాయల్ పామ్ చెట్లు పెట్టుకోవచ్చు. సున్నం కొట్టిన స్తంభాల్లా ఉండే ఆ చెట్లు నీడా ఇవ్వవు, దుమ్మూ ఆపవు. ఆ మాటే అన్నాను.

“ఏమ్మా, ఒక్క గీత తిన్నగా గీస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నారాయన.

నా సొమ్ము కాదండీ, అప్పలనర్సమ్మ మనవరాలి ఊపిరి అన్నాను. ఆవిడెవరో ఆయనకి తెలీదు. చెప్పినా వినే తీరిక లేదు. సాయంత్రానికి మార్చిన షీటు తన బల్ల మీద ఉండాలని ఆర్డరు వేశారు.

ఇక్కడ మా వృత్తి పద్ధతి కొంచెం చెప్పాలి. ఖాయమైన డ్రాయింగులో ఏదైనా మారిస్తే, మార్చిన చోట చిన్న త్రికోణం గీసి అందులో ఒక అక్షరం వేస్తాం. షీటు కుడి మూల పట్టికలో ఆ అక్షరానికి ఎదురుగా ఏం మారిందో రాసి, మార్చినవాళ్ళు పొడి సంతకం పెడతారు. కంప్యూటర్లో గీసినా సరే, చేతి సంతకం లేని షీటుతో సైటులో పలుగు లేవదు. రేపు తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియడానికి ఆ ఏర్పాటు. ఈ డ్రాయింగులో పొదలు మార్చినప్పుడు ‘ఎ’ అయింది, నీటి గొట్టాలు మార్చినప్పుడు ‘బి’. ఇప్పుడు ‘సి’.

గీయను అనే అధికారం నాకు లేదు. గీశాను. తిన్నగా, చక్కగా గీశాను, ఆర్చీ కూడా పెట్టాను. ప్రింటు తీశాక పెన్ను తీసుకుని, సూచనల గడిలో ఎర్ర సిరాతో ఇలా రాశాను: ‘ఈ దారి నైరుతి గాలి వాలులో ఉంది. ఇలా వేస్తే యార్డు బొగ్గు పొడి కాలనీ ఇళ్ళలోకి వస్తుంది. నేను వద్దన్నాను. పైవారి ఆదేశం మీద గీశాను.’ సూచనలు ఇంగ్లీషులో రాయడం మా అలవాటు. నేను కావాలనే తెలుగులో రాశాను, సైటులో మేస్త్రీ కూడా చదవాలని. కింద పొడి సంతకం కాదు, పేరంతా వచ్చేలా నిండు సంతకం పెట్టాను.

మర్నాడు మీటింగు. చీఫ్‌గారు, ఇద్దరు ఇంజనీర్లు, తెల్ల చొక్కాలో మెరిసిపోతూ యార్డు జనరల్ మేనేజరు. ఆ రాత తీసేసి ఇంకో ప్రింటు ఇమ్మన్నారు. ఒక్క నిమిషం ఇది చూడండి, తీసెయ్యాలో లేదో అప్పుడు చెప్పండి అన్నాను. ముందే సిద్ధం చేసుకున్న నమూనా తెచ్చి బల్ల మీద పెట్టాను. అట్ట మీద గుచ్చిన కానుగ రెమ్మలు, మధ్యలో వంపు తిరిగిన దారి. ఒక పక్క యార్డు గేటు దగ్గర ఎత్తి తెచ్చిన బొగ్గు పొడి, దాని వెనక నా గదిలోని టేబుల్ ఫ్యాను. రెండో పక్క, కాలనీ ఉండాల్సిన చోట, అప్పుడే అటెండరు తెచ్చి పెట్టిన టిఫిన్ ప్లేట్లు ఉన్నాయి. ఒట్టు, అవి నేను పెట్టించినవి కావు.

ఫ్యాను వేశాను. పొడి లేచి రెమ్మల్లో చిక్కుకుంది. అవతలికి వచ్చింది కొంచెమే. ఫ్యాను ఆపి, వంపులో ఉన్న రెమ్మలు పీకి దారి తిన్నగా చేసి, ప్లేట్లు తీసుకోండి సార్ అని చెప్పాను. ఎవరూ కదల్లేదు. సరే, మీ ఇష్టం అని మళ్ళీ ఫ్యాను వేశాను.

ఇడ్లీలు నల్లబడ్డాయి. చట్నీ నల్లబడింది. జనరల్ మేనేజరుగారి తెల్ల చొక్కా సంగతి ఇక చెప్పక్కర్లేదు. “ఏంటండీ ఇది?” అని ఆయన కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

“బొగ్గండీ. మీదే,” అన్నాను. “కాలనీ వాళ్ళు రోజూ తింటున్నారు. మీకిది మొదటిసారి.”

చీఫ్‌గారి మొహం చూడాలి! ఆ వారంలోనే నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. పరవాడ అవతల మా సంస్థ నర్సరీకి ఇన్‌ఛార్జిగా వేశారు. రావాల్సిన ప్రమోషను ఆగిపోయింది, తరవాత కూడా రాలేదు. బాధపడలేదంటే అబద్ధం. ఆ రోజు ఇంటికెళ్ళి కసి తీరా ఏడ్చాను. కానీ మొక్కలూ, మట్టీ, నీళ్ళూ ఇచ్చి అది శిక్ష అనుకున్నారే, వాళ్ళ తెలివికి నవ్వొచ్చింది కూడా.

ఎర్ర రాత లేకుండా కొత్త ప్రింటు తీసుకోవచ్చు కదా అని మీకు అనుమానం రావచ్చు. తీశారు. చీఫ్‌గారితో సహా, దాని మీద సంతకం పెట్టే మనిషే దొరకలేదు. మీటింగులో పొడి ఎగిరిన కథ ఒక్క పూటలో ఆఫీసంతా పాకిపోయింది. నా స్థానంలో వచ్చిన కుర్ర ఆర్కిటెక్టు నర్సరీకి ఫోను చేసి, “మేడమ్, ఆ షీటు మీద నా సంతకం పడితే రేపు ఆ కాలనీ వాళ్ళు నన్నే కదా అడుగుతారు?” అన్నాడు. అవును బాబూ, నిన్నే అడుగుతారు అన్నాను. అతను సెలవు పెట్టేశాడు. ప్రారంభోత్సవం దగ్గరపడింది. ఎర్ర రాత లేకుండా సంతకం ఉన్నది ‘బి’ షీటు ఒక్కటే. కంట్రాక్టరు దాని ప్రకారమే వంకర దారి వేసేశాడు. ఎండిన మొక్కల చోట నాటడానికి కానుగ మొక్కల్ని నర్సరీ నుంచి నేనే పంపేదాన్ని.

పదవీ విరమణ రోజు, రద్దయిన షీట్ల కట్టని కూడా నా సామాన్లతో పాటు ఇచ్చేశారు. అందులో ‘సి’ ఉంది. ఈమధ్య ఒక ఆర్కిటెక్చర్ కాలేజీ వాళ్ళు నా డ్రాయింగులూ కాగితాలూ భద్రపరుస్తామని అడిగితే సంతోషంగా అట్ట గొట్టాల నిండా చుట్టి ఇచ్చాను. కొన్నాళ్ళకి అక్కడి లెక్చరరు ఫోను చేశాడు. మర్యాదస్థుడు, గొంతులోనే ఇబ్బంది తెలుస్తోంది. నా డ్రాయింగులతో కాలేజీలో ప్రదర్శన పెడుతున్నారట, దానికి డబ్బులిస్తున్నది ఆ బొగ్గు యార్డు వాళ్ళేనట. అన్ని షీట్లూ పెడతారట, ‘సి’ ఒక్కటి మాత్రం ఎర్ర రాత లేకుండా స్కాన్ చేసి పెడదామంటున్నారట. ఎందుకో అని ఆరా తీస్తే సంగతి బయటపడింది. దారి తిన్నగా చెయ్యాలని యార్డు వాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టుకున్నారు.

“బాబూ, అవి నా కాగితాలు. తుడిచి దండ వెయ్యడానికి దేవుడి పటాలు కావు. రాతతో సహా పెట్టండి, లేదా అన్నీ నాకు తిరిగి ఇచ్చెయ్యండి,” అన్నాను. మర్నాడే ఆటో మాట్లాడుకుని వెళ్ళి గొట్టాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చి బీరువాలో దాస్తే యార్డు వాళ్ళకి హాయి. అందుకని ‘సి’ షీటు పట్టుకుని అప్పలనర్సమ్మ దుకాణానికి వెళ్ళాను. కానుగలు నా ఎత్తుకి రెండింతలు పెరిగాయి, ఆకులన్నీ నల్లగా ఉన్నాయి, కళ్ళు చల్లబడ్డాయి. మసి ఎలా ఉందమ్మా అని అడిగాను. “అస్సలు రాదని సెప్పను గానీ, ఇడ్డెను ఇడ్డెన్లా కనబడతంది,” అంది. రాసినది చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. మనవరాలు ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటోంది. ఆ పిల్లే షీటుని లామినేషన్ చేయించి గోడకి కొట్టింది.

తరవాత జరిగింది అప్పలనర్సమ్మే నాకు ఫోన్లో చెప్పింది. కొత్త దారి కొలవడానికి సర్వే వాళ్ళు వచ్చి, పని మొదలెట్టే ముందు టిఫినుకి ఆవిడ దగ్గరే కూర్చున్నారుట. ఈవిడ పాత్ర మూత తియ్యలేదు.

“నాకు సదువు రాదు బాబూ. ఆ గోడ మీద ఎర్రగా ఏటి రాసుందో గట్టిగా సదివి ఇనిపించండి. సదివినాకే ఇడ్డెన్లు,” అందిట.

ఒకతను లేచి చదివాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా తినడం ఆపి విన్నారు. ఈవిడ ఇడ్లీలు వడ్డించి, మరిప్పుడేటి సేత్తారు బాబూ అని అడిగిందిట. వాళ్ళు తలెత్తకుండా తిని, కొలతలు తియ్యకుండానే వెళ్ళిపోయారు.

నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నది ఇంతే. మన మాట వినకపోవడం పైవాళ్ళ చేతిలో ఉంది. ‘మాకెవరూ చెప్పలేదు’ అనే వీలు వాళ్ళకి ఇవ్వకపోవడం మన చేతిలో ఉంది. గీసినవాళ్ళే ఆ గీత వల్ల ఎవరికి ఏమవుతుందో ఆ షీటు మీదే, నలుగురూ చదివే భాషలో రాయాలి, కింద నిండు సంతకం పెట్టాలి. సర్వే వాళ్ళు మళ్ళీ రావచ్చు, రానీ. షీటు గోడ మీదే ఉంది. దారి ఇప్పటికీ వంకరగానే ఉంది.