ఒళ్లో బ్రేకు డిస్కు

హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో బరువైన గోనెసంచి పెట్టుకుంది. అందులోంచి ఇనప పళ్లెం లాంటిదేదో అంచు కనబడుతోంది. కండక్టరు దాన్ని కింద పెట్టమన్నాడు.

"దెబ్బ తగిలితే రుజువు పోతుందండీ," అని ఆవిడ కదల్లేదు.

దేనికి రుజువని అడిగాను. ఆవిడ సొంత పికప్‌లో నేతగాళ్ల ఊళ్ల నుంచి చీరల మూటలు విజయవాడ చేరవేస్తుందట. కొన్నాళ్లుగా బ్రేకు తొక్కితే చాలు, బండంతా ఊగిపోతోంది, స్టీరింగు చేతుల్లో కొట్టుకుంటోంది. మెకానిక్కు ఒక రౌండు నడిపి, బండికేం కాలేదు, బెదురుతో నీ చేతులే వణుకుతున్నాయన్నాడట. అది విని ఆవిడ మరిది బండి అమ్మకానికి బేరం కూడా మాట్లాడేశాడు.

"జాకీ ఎక్కించి ముందు చక్రం నేనే ఊడదీశానండీ. ఇదిగో, బ్రేకు డిస్కు. వేలు పెట్టి చూడండి."

బ్రేకు పట్టే వైపు చుట్టూ వేలు తిప్పాను. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం తగిలాయి.

"ఇది కూడా నా బెదురేనంటారా?"

"మరి ఇప్పుడేం చేస్తారు?"

"విజయవాడ పటమటలో ముందు రెండు చక్రాలకీ కొత్తవి కొంటా. బిగించాక ఆ మెకానిక్కునీ మా మరిదినీ పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద బ్రేకు తొక్కుతా. బండి నాది. అమ్మితే నేనే అమ్మాలి."

పటమటలో దిగుతుంటే ఎవరో సంచి అందుకోబోయారు. ఆవిడ ఇవ్వలేదు.

మళ్లీ ఆవిడ్ని చూడలేదు. మొన్న నా స్కూటర్ ఒక పక్కకి లాగేస్తోందని షెడ్డుకి తీసుకెళ్తే, "ఏం లేదమ్మా, మీకలా అనిపిస్తోందంతే," అన్నాడు మెకానిక్కు. అదివరకైతే తిరిగొచ్చేసేదాన్ని. స్టూలు లాక్కుని కూర్చుని, "విప్పి చూడండి," అన్నాను.